మామ ముందటి నాలుగు పండ్లు

పళ్ల డాక్టరు కట్టిన గుడ్డ మెడకు అలాగే వేలాడుతుండగా మా మేనమామ కుర్చీలోంచి లేచాడు. రకరకాల తెలుపుల నమూనా పళ్లు వరుసగా గుచ్చిన రేకుపట్టీ పట్టుకొని నాందేడ్ బజారు రోడ్డు మీదికి నడిచాడు. ఆయన వెనక నేను, నా వెనక డాక్టరు.

"సేఠ్, లోపల లైటుంది కదా!" అని డాక్టరు మొత్తుకున్నాడు.

"లైటు కింద రంగు జూసినోడు మునిగిండు డాక్టర్‌సాబ్. నేను బట్టలోణ్ణి."

మామది బట్టల దుకాణం. చీరకు జాకెట్ గుడ్డ కలపాలంటే రెండూ ఎండలోకి తీసుకుపోవాలి, అక్కడ నిలబడ్డ నలుగురినీ అడగాలి. బజారు పద్ధతి అది. పంటికి వేరే పద్ధతి ఎందుకుండాలో ఆయనకు అర్థం కాలేదు.

ఆయన పుట్టింది కర్ఖేలి వైపు. అక్కడి బావినీళ్లకు ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు తేలాయి. ఊళ్లో అందరివీ అంతే గనక ఎవరికీ పట్టలేదు. నాందేడ్ వచ్చాక మాత్రం నవ్వొస్తే నోటికి తువ్వాల అడ్డం పెట్టుకునేవాడు. ఫొటోలో తువ్వాల కుదరదు కాబట్టి పెదాలు బిగించేవాడు. పెళ్లి ఫొటోలో ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టుంటాడు.

మా అత్త కష్టమంతా ఆ ఫొటోతోనే. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ దాన్ని చూసి, "ఏందమ్మా, ఆయనకు ఇష్టం లేకుంటనే చేసిండ్రా?" అని అడగడమే. తనతో ఆయన సంసారం సుఖంగానే ఉందని ఆమెకు గోడమీద రుజువు కావాలి. ఎనభైల మొదట్లో చారలు కనబడకుండా పళ్ల మీద పంటిరంగు మసాలా పెడుతున్నారని తెలియగానే పట్టుబట్టింది. "పెట్టించుకోని ఒక్కపారి ఫొటోల నవ్వుండ్రి. తర్వాత జన్మల నవ్వకుండ్రి."

అందుకే వచ్చాం. మామ రోడ్డు మధ్య నోరు తెరిచి, పట్టీని పెదాలకు ఆనించి, వచ్చేపోయేవాళ్లకు చూపించాడు. చాయ్ అమ్మేవాడు చివరి నుంచి రెండోది ఖాయం చేశాడు. భోకర్ నుంచి బట్టలకు వచ్చిన గిరాకీ ఒకాయన వంగి చూసి, "సేఠ్, గిది జర మాసినట్టుంది. ఉతికితే పోతదా?" అన్నాడు. మరాఠీ మాస్టారు ఒకాయన సైకిలు దిగి, అద్దాలు తుడుచుకొని, కాస్త పసుపుదనం ఉన్నదాన్ని చూపిస్తూ "హా చాంగ్లా", ఇదే బాగుంది, అన్నాడు.

డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. "నిజం పన్ను గట్లనే ఉంటది," అన్నాడు.

"పైసలిచ్చి పసుపు కొనుమంటవా?" అని మామ అన్నిటికన్నా తెల్లదాని మీద వేలు పెట్టాడు.

ముందటి నాలుగు పళ్లకూ అదే పెట్టారు. తలుపు తీసిన అత్త చాలాసేపు ఆ పళ్లతోనే మాట్లాడింది, పైన ఉన్న మొహం దాకా చూపు పోలేదు. "కొత్త ధోతి లెక్కున్నయి," అంది. ఆ వారమే ఇద్దరూ స్టూడియోకు పోయారు. నవ్వమని చెప్పకముందే మామ నవ్వాడు. ఫొటో తీయడం అయ్యాక కూడా ఆపలేదు.

ఫొటో వచ్చింది. అందులో మామకు ముందు పళ్లు నాలుగూ లేవు. వెలుగు పడి ఫొటో పాడైందనుకొని స్టూడియోవాడు ఆ తెలుపు మీద బ్రష్షుతో నల్లరంగు అద్ది, శ్రద్ధగా సరిచేశాడు.

అత్త దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. "పెండ్లి ఫొటోల నన్ను జూసి ఏడ్చినట్టుండె. గిండ్ల నేనే కొట్టి పండ్లు రాలగొట్టినట్టుంది!"

మామ పడీ పడీ నవ్వాడు. అత్త నవ్వలేదు. ఆయన్ని వెంటబెట్టుకొని స్టూడియోకు పోయి నిలదీసింది.

"అవి పండ్లా అక్కా?" అన్నాడు స్టూడియోవాడు. "మనిషి నోట్ల గసుంటి తెలుపు నేనెన్నడు జూడలే."

"ఎండల జూసి తీస్కున్న రంగు!" అన్నాడు మామ.

ఇంకో ఫొటో దిగుదామంటే మామ ఒప్పుకోలేదు. "తప్పు వానిది. మళ్ల నేనెందుకు నవ్వాలె?" పాత నెగెటివ్ నుంచే రంగు పూయకుండా ఇంకొకటి కడగమంది అత్త. నెగెటివ్ కవరులోనే పెట్టి ఇచ్చానంటాడు స్టూడియోవాడు. కవరులో ఫొటో ఒక్కటే ఉండెనంటాడు మామ. ఆ నెగెటివ్ ఎవరి దగ్గర ఉందో ఇంతవరకు తేలలేదు.