తాడు మోయనిది

మా న్యూ టౌన్ ఫ్లాటు ఎదుట మరో అపార్టుమెంటు లేస్తోంది. మొన్న ఉదయం కాఫీ గ్లాసుతో బాల్కనీలో కూర్చుంటే, క్రేనుకు వేలాడుతున్న ఇనుప దూలం ఒకటి ఊగుతూ పైకొచ్చింది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి దాన్ని ఆపడానికి అరచెయ్యి చాపాడు. నేను కళ్లు మూసేసుకున్నాను. తెరిచేసరికి దూలం దాని చోట కూర్చుంది, ఆ మనిషి బీడీ వెలిగించుకుంటున్నాడు. నా కాఫీ మాత్రం చల్లారిపోయింది.

అరవైల్లో మేం ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో ఉండేవాళ్లం. నాన్న, చిన్నాన్న ఇద్దరికీ డాకులోనే పని. చిన్నాన్న ఓడ అడుగున నిలబడి, పైనుంచి క్రేను దింపే సరుకును చేత్తో పట్టి సర్దేవాడు. ఒంటినిండా ఎప్పుడూ జనపనార వాసన. ఆదివారం గుడిలో అందరికంటే వెనకబడి పాడేవాడు. పాట అయిపోయాక ఆయన గొంతు ఒక్కటే మిగిలేది, పాస్టరుగారు ఓపిగ్గా దానికోసం ఆగేవారు. చిన్నాన్నకు పెళ్లయి అప్పటికి ఏడాది తిరగలేదు. పిన్ని శ్రీకాకుళం వైపు పిల్ల, నాకంటే కాస్తే పెద్ద. ఒక వానాకాలం మధ్యాహ్నం, యంత్రాల పెట్టె ఒకటి దిగుతూ దిగుతూ పక్కకు ఊగింది. చిన్నాన్న రోజూ చేసినట్టే చెయ్యి అడ్డం పెట్టాడు. అది ఆగలేదు. ఆయన వెనక ఓడ ఇనుపగోడ. ఆస్పత్రికి చేర్చేసరికే ఊపిరి లేదు.

విచారణకు వచ్చిన బెంగాలీ ఆఫీసరు బాబు తాడు గట్టిదేనని, పెట్టె బరువు క్రేను మోయగలిగినంతేనని తేల్చాడు. "బరువంతా క్రేనుదే కదా దాదా, మీవాడి మీద ఏం పడింది?" అని నాన్ననే అడిగాడు. తప్పు మనిషిదే అయింది. ఆ కబురు మా వీధికి చేరేసరికి ఇంకో రూపం ఎత్తింది. "తాగీసుంటాడు. నేకపోతే తాడుకి యేలాడే పెట్టి మనిషిని సంపేస్తాదేటి?" అంది పక్కింటి అత్త, కొళాయి దగ్గర, పిన్ని వింటుండగానే.

నేనప్పుడు కాలేజీలో సైన్సు చదువుతున్నాను. ఆ సాయంత్రం పిన్ని నా పక్కన కూర్చుని, "అమ్మీ, నీ పుస్తకాల్లో ఏటుంది? యేలాడేదానికి బరువుంటాదా, నేదా?" అని అడిగింది. బరువూ, మాస్ అనేదీ ఒకటి కాదని మొదలుపెట్టాను. "మాస్ అంటే కేథలిక్కులు గుడిలో చేసీది కాదేటి?" అంది. చావింట్లో ఇద్దరం నవ్వేశాం, నవ్వినందుకు సిగ్గుపడ్డాం.

"తాడు మోసీది కిందకి లాగే బరువునే పిన్నీ. పక్కకి ఊగీదాన్ని ఆపడం తాడు పని కాదు. పెట్టి నేల మీదున్నా, గాల్లో ఉన్నా అందులో సరుకు అంతే గదా. అంత సరుకు ఊపు మీదుంటే, ఆపేవోడే ఆ బలం పెట్టాల. అదంతా చిన్నాన్న మీద పడింది."

"అయితే తాగనేదన్నమాట."

ఆ సంగతి ఏ పుస్తకం చెబుతుంది? "తాగనోడైనా ఆపలేడు పిన్నీ," అన్నాను. ఆమెకు అడిగినది దొరకలేదు, దొరికినదాంతోనే సరిపెట్టుకుంది.

బుధవారం ప్రార్థనకు ఆడవాళ్లంతా మా ఇంటికి వచ్చారు. అప్పటికే పిన్ని నాన్నచేత బొగ్గుల బస్తా ఒకటి వరండా దూలానికి తాడుతో వేలాడగట్టించింది. ఆమెన్ అన్నాక, బస్తాను వెనక్కి లాగి వదిలి, "ఆపు అత్తా. బరువంతా తాడుదే గదా," అంది. పక్కింటి అత్త రెండు చేతులూ అడ్డం పెట్టింది. బస్తా ఆమెను తోసుకుపోయి నేలమీద కూలదోసింది. ఎవరూ నవ్వలేదు. అత్త తన చేతుల మసి చూసుకుంటూ, "అయ్యో తల్లీ," అని మాత్రం అంది. తాగుడు మాట మళ్లీ మా వీధిలో వినబడలేదు. డాకువాళ్ల లెక్కలో మాత్రం తప్పు చిన్నాన్నదిగానే ఉండిపోయింది.

అందరూ వెళ్లాక పిన్ని బస్తాను ఇంకా గట్టిగా ఊపి, గోడకు వీపు ఆన్చి, చేతులు కిందకు వదిలేసి నిలబడింది. నేను పరుగెత్తి బస్తాను వాటేసుకున్నాను. అది నన్నూ ఈడ్చుకెళ్లి ఆమె గుండెకు తగిలింది. "తెలవాల గదమ్మీ," అంది పిన్ని, "ఆయనకి ఎంత నొప్పేసిందో."

పిన్ని తన ఊరికి తిరిగి వెళ్లలేదు. ఆస్పత్రిలో ఆయాగా చేరి, మా ఇంట్లోనే తల నెరిసింది. చివరి రోజుల్లో చిన్నాన్న మాట వస్తే "ఆ కుర్రోడు" అనేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆమె భర్త ఆమెకు కొడుకంతవాడయ్యాడు. తను పోయేనాటికి మనవడంతవాడయ్యాడు.