బోర్లించిన కుండలు

మా ఎదురింటి సారు ఇక లేరు. మొన్న ఉదయం మలక్‌పేట దవాఖాన నుంచి ఆటోలో వచ్చిన ఆయన అల్లుడు, గేటు తీయకుండానే, "మామయ్యగారు పోయారండీ" అన్నాడు. అప్పటి నుంచి నా మనసు ఆయన సగంలో ఆపిన ఒక పని చుట్టూనే తిరుగుతోంది.

సారు గుంటూరు వైపు వారు. పశువుల, కోళ్ల మేత మీద పరిశోధన చేసే కొలువులో పనిచేసి, విరమణ తరువాత ఎల్.బి. నగర్ అవతల మా కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. అప్పటికి మా వీధిలో ఇళ్లకంటే హద్దురాళ్లే ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్‌లో నా త్రాసుల మరమ్మతు దుకాణానికి ఒకనాడు చిన్న త్రాసు తెచ్చారు. బంగారం తూచడానికా అని అడిగాను. "కోడిపిల్లల్నండీ" అన్నారు.

కోళ్ల దాణాలో ఖరీదైనది ఎండుచేపల పొడి. దాని బదులు చెదపురుగులు పెడితే పిల్లలు అంతే ఎదుగుతాయా? ఆయన తేల్చదలచిన ప్రశ్న అదొక్కటే. ఎదిగితే, నాలుగు కోళ్లు పెంచుకునే పేదరాలికి ఆ ఖర్చు తప్పుతుంది. పద్ధతి కొత్తదేమీ కాదు. నాదర్‌గుల్ వైపు పల్లెల్లో ఉన్నదే. పాత కుండలో తడిపేడ, గడ్డి, చినిగిన గోనెముక్క కుక్కి, చెదలున్న నేల మీద సాయంత్రం బోర్లిస్తారు. పొద్దున ఎత్తితే లోపల తెల్లగా పురుగు. సారూ తన పెరటి చివర అలాగే బోర్లించేవారు. పెరట్లో తడికకు ఒక పక్క చేపపొడి తినే పిల్లలు, మరొక పక్క చెదలు తినేవి. కుండ కదిలిన చప్పుడుకే ఈ రెండో గుంపు మెడలు సాచి పరుగెత్తేది.

ఆదివారాలు నేను తూచేవాణ్ని, ఆయన రాసుకునేవారు. నా చేతిలోని పిల్ల బరువెక్కాలని నేను ఆశపడితే ఆయనకు తెలిసిపోయేది. "తూచేటప్పుడు మనకేం కావాలో మరిచిపోవాలండీ" అనేవారు. కాలనీ ఆయనకు 'చెదల సారు' అని పేరు పెట్టింది. దానికీ నవ్వేవారు.

ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు. మా ప్లాట్లన్నీ ఒకప్పుడు ఒక పటేలు చేను. కాలనీలోనే అతను కట్టుకున్న కొత్త ఇంటి టేకు దర్వాజకు చెదపట్టింది. కాలనీ వాళ్లందరూ ఖాళీ ప్లాటులో కూడారు.

"ఏంది సారూ, చెదలను కోళ్లకు మేపుతున్నవా, నా దర్వాజను చెదలకు మేపుతున్నవా?" అన్నాడు పటేలు. అందరూ నవ్వారు. తరువాత పటేలే స్వరం తగ్గించాడు. "సదువుకున్నోనివి. నీ కుండలకెల్లి రాలేదని ఒక్క మాట చెప్పు. గీ లొల్లి ఇక్కడ్నే ఖతం."

"రాలేదని చెప్పలేనండీ. వచ్చాయనీ చెప్పలేను. నాకు తెలియదు."

"పాత చేను కదండీ, నేల నిండా చెదలేనని చెప్పండి" అని నేను చెవిలో అన్నాను.

"అది నా ఊహ కూడా. ఊహను రుజువంటే, రేపు నా తూకాన్ని ఎవరు నమ్ముతారు?"

"తెల్వదంటే ఎట్ల? అయితే తీసెయ్" అన్నాడు పటేలు.

సారు కుండలు తీసేశారు. పిల్లలు ఇంకా ఎదగలేదు, ప్రశ్న తేలలేదు. తడిక కూడా తానే విప్పి రెండు గుంపులనూ కలిపేశారు. మళ్లీ మొదలుపెట్టడానికి చోటూ దొరకలేదు, ఒంట్లో శక్తీ మిగల్లేదు.

కుండలు పోయిన చాలా కాలానికి మా ఇంటి తలుపుకూ చెదపట్టింది. కుండలు లేకపోయినా చెదలొచ్చాయని పరుగున వెళ్లి చెప్పాను. "తలుపు పోయిందని ఇంత సంబరమేమిటండీ?" అని నవ్వి, "ఇదీ రుజువు కాదు. కుండలున్నప్పుడే వచ్చి నేలలో దాగి ఉండవచ్చు" అన్నారు. ఆ పూట ఆయన మీద నాకు కోపం వచ్చింది.

నిన్న శ్మశానం నుంచి నడిచి వస్తూ పటేలు నా భుజం పట్టుకున్నాడు. "గా దినం సారు తన కుండలకెల్లి కాదంటే నేను నమ్ముతుంటినయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాట అనివుంటే ఎందరో ఆడవాళ్లకు పనికొచ్చే జవాబు దొరికేదేమో. అనివుంటే, ఆ జవాబును నేను నమ్మేవాణ్నా? ఇది నాకు తేలడం లేదు.

కుండలు తీసిన ఉదయమే కళ్లముందు నిలుస్తోంది. తోపుడు బండి మీదికి ఎక్కిస్తుంటే ఆ చప్పుడుకు కోడిపిల్లలు ఎప్పటిలాగే పరుగెత్తుకొచ్చాయి. బండి వెళ్లిపోయింది. కుండలున్న చోట నేల మీద గుండ్రంగా తడి మిగిలింది. పిల్లలు దాని చుట్టూ చేరి గీరుతూ, మధ్యమధ్య తలలెత్తి సారు చేతుల వైపు చూశాయి.