సాక్ష్యం చెప్పొద్దన్న ఆవిడ

మనకు ఊపిరి పోసిన ప్రభువుకు స్తోత్రం.

హనుమాన్ జంక్షన్‌లో విజయవాడ బస్సెక్కింది మొదలు పక్కసీటావిడకు కిటికీ గురించి నాతో పోట్లాటే. “దుమ్మండీ, మూసెయ్యండి!” అంటుండగానే ఆమెకు ఆయాసం ముంచుకొచ్చి పిల్లికూతలు మొదలయ్యాయి. నేను ఆమె తలమీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన అందుకున్నాను. ఆ చేతిని విసిరికొట్టింది.

“దేవుణ్ణి తర్వాత పిలుద్దురుగాని... ముందు మీ కాళ్ల దగ్గరున్న నా సంచి ఇటివ్వండి!”

ఇచ్చాను. ఇన్‌హేలర్ నోట పెట్టుకుని మందు పీల్చి, ఊపిరి బిగబట్టింది. కాసేపటికి బిగుసుకున్న శ్వాసనాళాలు సడలి, గొంతు తిరిగొచ్చింది.

“మీ ప్రార్థనకే తగ్గిందని చర్చిలో సాక్ష్యం చెప్పారో, ఊరుకోను!”

బెంజ్ సర్కిల్‌లో నా వైపు చూడకుండానే దిగిపోయింది.

సాక్ష్యం చెప్పలేదు. ఆమె సంచిలో ఆ మందు ఎన్నడూ నిండుకోకూడదని మాత్రం ప్రభువును అడుగుతున్నాను. మీరూ నాతో కలిసి ప్రార్థించండి.