పొలిమేర దాటిన బక్కయ్య

నిజాం రాజ్యంలో మెదక్‌కు వచ్చిపోయే అధికారి ఒక్కడూ తన పెట్టె తాను మోసుకున్న పాపాన పోలేదు. అందుకు బక్కయ్య ఉండేవాడు. ఊరి చివర వాడలో ఒంటిగది ఇల్లు. పెళ్లాం చనిపోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. కచేరీ నుంచి కబురొస్తే చాలు, తింటున్న చెయ్యి కడుక్కుని లేచేవాడు. దాన్ని ఎట్టి అంటారు. అందులో కూలి ఉండదు, కాదనడం ఉండదు. తండ్రి చేశాడు కాబట్టి కొడుకూ చేశాడు. ఎందుకు చేస్తున్నావని ఎవరైనా అడిగితే వాళ్లకు మతి చలించిందేమోనని జాలిపడి ఉండేవాడు.

ఎట్టికి ఒక పద్ధతి ఉండేది. ఎట్టి చేసేవాణ్ని బేగారి అంటారు. మెదక్ బేగారి మెదక్ పొలిమేర దాకే మోయాలి. అక్కడ పాతిన రాయి దగ్గర బరువును నేలమీద దించాలి. అవతలి ఊరి బేగారి దాన్ని నేలమీంచే ఎత్తుకోవాలి. చేతి నుంచి చేతికి ఇచ్చే ఆనవాయితీ లేదు. ఏదన్నా పగిలితే నింద ఎవరి మీద పడాలో తేలడానికి పెద్దలు చేసిన ఏర్పాటు. దించేదాకా ఇవతలివాడిది, దించాక అవతలివాడిది. బక్కయ్యకు ఈ ఏర్పాటు ఎంతో హాయిగా ఉండేది. మూట దించి, నడుం సాపు చేసుకుని, వెనక్కి చూడకుండా వచ్చేసేవాడు.

మనుషుల్ని అప్పజెప్పేటప్పుడూ అదే పద్ధతి. దొంగనో, శిస్తు ఎగ్గొట్టినవాణ్నో చేతులు కట్టి, ఆ తాడు కొస బక్కయ్య చేతికిచ్చేవాళ్లు. రాయి దగ్గరికి రాగానే "కూసో" అనేవాడు. మనిషి నేలమీద కూర్చున్నాడంటే అప్పగింత అయిపోయినట్టే.

పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండాకాలంలో ఎల్లాన్ని కూడా అట్లాగే కూర్చోబెట్టాడు.

ఎల్లం పక్కింటివాడు, బండి తోలుకుని బతికేవాడు. నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్లకు జొన్నలు చేరవేశాడని రజాకార్లు పట్టుకున్నారు. కొట్టాల్సినంత కొట్టి, పాపన్నపేట దిక్కు పొలిమేర దాకా తీసుకుపోయి అప్పజెప్పమని బక్కయ్యకు తాడు ఇచ్చారు. చుట్టూ లాఠీలు పట్టుకుని నిలబడ్డ వాళ్లలో కళాయి పోసే జలాల్ కూడా ఉన్నాడు. దారిలో ఎల్లం పెద్దగా ఏమీ మాట్లాడలేదు. "కాకా, తాడు బిగుస్తున్నది" అని మాత్రం ఒకసారి అన్నాడు. రాయి దగ్గర అవతలి రజాకార్లు తయారుగా ఉన్నారు. బక్కయ్య కూసో బిడ్డా అన్నాడు, వాడు కూర్చున్నాడు. మర్నాడు మంజీర ఒడ్డున తుమ్మచెట్ల కింద శవం దొరికింది.

ఎల్లం పెళ్లాం శివమ్మ ఒకే ఒక్కసారి అడిగింది, ఏమైంది మామా అని.

"నేను పొలిమేర దాకనే బిడ్డా. అవుతల నా చేతుల ఏమున్నది?" అన్నాడు.

ఆమె నమ్మింది. నమ్మకేం చేస్తుంది, ఆ వాడలో పుట్టిన ప్రతివాడికీ పొలిమేర సంగతి తెలుసు. మొగుణ్ని తీసుకుపోయిన చేతికే రోజూ జొన్నరొట్టె తెచ్చిచ్చేది. ఇద్దరికీ వేరే దిక్కు లేదు. ఆమె ఆ మాట నమ్ముతున్నంత కాలం ఆయనకు ఈ లోకంలో ఒక మనిషి ఉన్నట్టు.

బక్కయ్యకు మాత్రం ఏమీ అనిపించేది కాదు. ఏడుద్దామని చూస్తే ఏడుపు రాలేదు. రొట్టెలో ఉప్పు ఎక్కువైందా మామా అని శివమ్మ అడిగితే ఏమో అన్నాడు. ఎల్లం ముఖం తలచుకుందామంటే గుర్తుకు రాలేదు. ముల్లు దిగి అరికాలు చీము పట్టినా, కుంటుతున్నావెందుకని ఒకరు అడిగేదాకా చూసుకోలేదు. పనికి పిలిస్తే పోతున్నాడు, వస్తున్నాడు. ఒంట్లో మనిషి లేడు గానీ ఒళ్లు మటుకు నడుస్తోంది.

వానాకాలం చివర్లో యూనియన్ మిలిటరీ వచ్చింది. నిజాం లొంగిపోయాడన్నారు, రజాకార్లు పారిపోయారన్నారు. అప్పటిదాకా ఇంట్లోంచి తల బయటపెట్టని నర్సింగం సేటు తెల్లటోపీ పెట్టుకుని బజార్లోకొచ్చి, ఊరు తనవల్లే బాగుపడినట్టు తిరగడం మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో ఆయన చుట్టూ మనుషులు చేరారు. రజాకార్లలో పెద్ద తలకాయలన్నీ అప్పటికే హైదరాబాదు చేరుకున్నాయి కాబట్టి, ఎక్కడికీ పోలేని జలాల్ దొరికాడు.

నర్సింగం బక్కయ్యను పిలిపించాడు. ఇక నుంచి ఎట్టి లేదన్నాడు. అందరూ సమానమేనన్నాడు. జలాల్‌ను పాపన్నపేట దిక్కు పొలిమేర దాకా తీసుకుపోవాలనీ, అక్కడ తమవాళ్లు చూసుకుంటారనీ చెప్పి, ఆఖర్న ఒక మాట అన్నాడు.

"నిన్ను బలిమి చేస్తలేము. నీకు ఇష్టమైతేనే తీస్కపో."

బక్కయ్య బిత్తరపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎవరూ ఆయన్ను అడగలేదు. ఇష్టమంటే ఏమిటో, అది ఒంట్లో ఎక్కడుంటుందో, ఉంటే ఎట్లా తెలుస్తుందో పాపం ఆయనకేం తెలుసు. చేతులు కట్టుకుని, "మీ దయ" అన్నాడు. నర్సింగం అది ఒప్పుకోలు అనుకుని తాడు చేతిలో పెట్టాడు. నాకైతే ఆ పెద్దమనిషిని చూస్తే ఒళ్లు మండుతుంది. చంపే పని తనదే, ఇష్టం మాత్రం బక్కయ్యది.

పొద్దెక్కింది. ఇద్దరూ జొన్నచేల మధ్య నడుస్తున్నారు. జలాల్‌కు ఎక్కడికి పోతున్నదీ తెలుసు. ఊళ్లో సగం మంది గిన్నెలకు కళాయి పోసిన చేతులు ముందుకు కట్టి ఉన్నాయి. బక్కయ్య అడగకపోయినా వాడే చెప్పుకొచ్చాడు. రోజూ ఇంటి ముందుకొచ్చి పేరు పెట్టి పిలిస్తే వాళ్లలో చేరాడట. చేతికి లాఠీ ఇస్తే పట్టుకున్నాడట. ఎవర్నీ కొట్టలేదట, కానీ ఎవర్నీ ఆపలేదు కూడా.

"ఎల్లంను పట్టిన దినం నేనున్న. అబద్ధం చెప్ప," అన్నాడు జలాల్. "నిలబడుమన్నరు, నిలబడ్డ. నిన్ను తాడు పట్టుకోమంటే పట్టుకున్నవ్. మన ఇద్దరికి ఫరక్ ఏమున్నది బక్కన్నా?"

బక్కయ్య తాడు పట్టుకుని నడుస్తూనే ఉన్నాడు. కోపం రాలేదు, జాలి కూడా కలగలేదు. వాడన్నది నిజమేనని మాత్రం తోచింది.

రాయి దగ్గర నలుగురు పడుచువాళ్లు గొడ్డళ్లతో కూర్చుని ఉన్నారు. బక్కయ్యను చూసి లేచారు. ఇక ఆయన ఒక్క మాట అనాలి. వేల సార్లు అన్న మాట. నోరు తెరిచాడు, రాలేదు. జలాల్ ఆయన ముఖంలోకి చూస్తూ, కూసో అనగానే కూర్చోవడానికి సగం వంగి ఉన్నాడు. ఆ వంగిన నడుమును చూసేసరికి బక్కయ్య కాళ్లు కదిలాయి. రాయి పక్కనుంచి నడుచుకుంటూ అవతలి నేలలోకి పోయాడు. తాడు లాగింది, జలాల్ వెనకే వచ్చాడు.

అది ధైర్యమని నేనను. ధైర్యం ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. గొడ్డళ్లవాళ్లు అరిచారు, తిట్టారు, దించవేంది ముసలోడా అని వెంటపడ్డారు. కానీ చెయ్యి వేయలేదు. నేలమీద దించని బరువు ఇంకా మెదక్‌వాడిదే. తాతల నాటి ఆ అలవాటు గొడ్డలి పట్టినవాళ్ల ఒంట్లోనూ ఉంది. అట్లా గొణుక్కుంటూ పాపన్నపేట దాకా పక్కనే నడిచారు. అక్కడ మిలిటరీ లారీ ఆగి ఉంది. బక్కయ్య తాడు కొసను ఒక సిపాయి చేతిలో, నేరుగా చేతిలోనే పెట్టాడు. జలాల్‌ను జైలుకు తీసుకుపోయారు. చలికాలం వెళ్లాక వాడు బతికి ఇల్లు చేరాడు.

ఆ రోజు బక్కయ్య తిరిగొచ్చేసరికి వార్త వాడను చుట్టేసింది. చీకటి పడకముందే శివమ్మ వచ్చి గడప ముందు నిలబడింది.

"మామా, జలాల్‌ను కూసోబెట్టలేదట గదా. పొలిమేర దాటి పోయినవట."

అవునన్నాడు.

"ఎవరన్న దాటుమన్నరా?"

అవునంటే అయిపోయేది. మిలిటరీవాళ్లు చెప్పారంటే ఆమె నమ్మేది. నమ్మాలని ఆమెకే ఎక్కువగా ఉంది, ఆ సంగతి ముఖంలో కనబడుతూనే ఉంది.

"ఎవ్వరు అనలే. నేనే పోయిన."

"గట్ల పోవచ్చునా?"

"పోవచ్చు."

శివమ్మ గొంతు తగ్గింది. "ఆ దినం గూడ పోవచ్చునా, మామా?"

ఇన్ని నెలలూ ఆయన్ను కాపాడినది ఒక్కటే, చేతిలో ఏమీ లేదన్న నమ్మకం. ఆ పొద్దున పొలిమేర దాటినప్పుడే అది పోయిందని ఇప్పుడు తెలిసింది. జలాల్‌ను బతికించిన అడుగే ఎల్లాన్ని చంపింది నువ్వేనని చెబుతోంది. ఈ అడుగు వేయకుండా ఉంటే ఎంత బాగుండేదని ఆయనకు నిజంగా అనిపించింది.

"పోవచ్చు బిడ్డా."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "లాఠీ పట్టినోని కోసం దాటినవ్," అని, కొంగు సర్దుకుని తన ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

తాడు బిగుస్తున్నదని చెప్పినప్పటి ఎల్లం ముఖం అప్పుడు కనబడింది బక్కయ్యకు, కళ్లు, పగిలిన పెదవి, అన్నీ. ఆయన మోకాళ్ల మీద కూలబడి చంటిపిల్లాడిలా పెద్దపెట్టున ఏడ్చాడు. గోడ అవతల శివమ్మకు వినబడుతూనే ఉంది. ఆమె తలుపు తీయలేదు.