ఎనభై డాలర్ల పిప్పిపన్ను

ఎనభై డాలర్లతో, అరగంటలో ముగిసిపోవలసిన పనిని రెండు దేశాలకు విస్తరింపజేసి, ముగ్గురు డాక్టర్లకు ఉపాధి కల్పించిన ఘనత నాది. ఇందులో ఇంకొకరి చెయ్యేమీ లేదు. సలహా చెప్పబోయినవాణ్ణి కూడా దగ్గరికి రానివ్వలేదు.

అవి వై-టూ-కే రోజులు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తల తిరిగి పడిపోతాయని బ్యాంకులు భయపడుతుంటే, ఆ భయం మీద బతకడానికి మాబోటివాళ్ళం సింగపూర్‌లో దిగాం. ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లో. కాపురం వుడ్‌ల్యాండ్స్‌లో, నలుగురు బ్రహ్మచారుల ఫ్లాట్‌లో.

మాది చీరాల. నాన్నది బట్టల కొట్టు, మేనమామది స్టీలు సామాన్ల కొట్టు. మా ఇళ్ళల్లో పిల్లలకు అక్షరాల కన్నా ముందు బేరం వస్తుంది. ధర వినగానే నవ్వాలి. సగానికి అడగాలి. కుదరదంటే చెప్పుల్లో కాళ్ళు పెట్టి మెల్లగా మెట్లు దిగాలి. అప్పుడు వెనక నుంచి "రండి సార్, మీ మాటా కాదు, నా మాటా కాదు" అని పిలుపు రావాలి. మా కొట్లో ఆ పిలుపు పిలిచే ఉద్యోగం చిన్నప్పుడు నాదే. కాబట్టి ప్రపంచంలో ఏ గుమ్మం దిగినా వెనక నుంచి ఎవరో ఒకరు పిలుస్తారని నాకు గట్టి నమ్మకం.

ఇంతలో కుడివైపు కింది దవడపన్ను జివ్వుమనడం మొదలుపెట్టింది. మొదలుపెట్టదా మరి? హాకర్ సెంటర్ తిండికొట్లలో రోజంతా తాగే టీలో డికాక్షన్ కన్నా తీపిపాలే ఎక్కువ. దానికి తోడు పొద్దున్నే ఒకసారి తోముకున్న పళ్ళను రాత్రి మళ్ళీ తోమడమంటే పేస్టు దండగని నా సిద్ధాంతం.

ఆఫీసు పక్క బిల్డింగులో పళ్ళ డాక్టరమ్మ ఉంది. చైనావిడ. అద్దం పెట్టి చూసి, "చిన్న రంధ్రమే. ఇప్పుడే పూడిస్తే ఎనభై డాలర్లు. ఆలస్యం చేస్తే నరం దాకా వెళుతుంది" అంది.

ఎనభైని పాతికతో హెచ్చవేశాను. రెండు వేల రూపాయలు. రెండు వేలు పెడితే మా కొట్లో పట్టుచీర వస్తుంది, జాకెట్టు ముక్కతో సహా. నవ్వాను.

"నలభై," అన్నాను.

"ఏమిటి నలభై?"

"రంధ్రం చిన్నదని మీరే అన్నారుగా."

"చిన్నది కాబట్టే ఎనభై."

"మా ఫ్లాట్‌లో ఇంకో ముగ్గురున్నారు. అందరినీ మీ దగ్గరికే తెస్తాను. హోల్‌సేల్ రేటు చెప్పండి."

"వాళ్ళకీ పుచ్చుపళ్ళున్నాయా?"

"ఇవాళ లేకపోతే రేపు వస్తాయి."

ఆవిడ చేతి తొడుగులు విప్పేసింది. సరే, ఇక ఆఖరి అస్త్రం. కుర్చీ దిగి, చొక్కా సర్దుకుని, గోడ మీది పళ్ళు తోముకునే విధానం బొమ్మను తీరిగ్గా చదివి, మెల్లగా లిఫ్ట్ వైపు నడిచాను. వెనక నుంచి రిసెప్షన్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "సార్, సార్!"

చీరాల గెలిచిందనుకున్నాను. వెనక్కి తిరక్కుండానే, "సరే, నీ కోసం యాభై," అన్నాను.

"ఇరవై, సార్."

ఇరవైకి దిగివచ్చారా?

"కన్సల్టేషన్ ఇరవై, సార్. డాక్టర్ చూసింది కదా లా."

ఆ "లా" అక్కడివాళ్ళ మాటలకు తోక. కానీ చూసినందుకు డబ్బులు! మా కొట్లో వంద చీరలు విప్పించి చూసి వెళ్ళిపోయినా మంచినీళ్ళిచ్చి పంపిస్తాం. ఇరవై కట్టాను. ఆ అమ్మాయి దయగలది, లిఫ్ట్ బటన్ కూడా తనే నొక్కింది.

ఇంటికొచ్చి ఈ అన్యాయం మల్లేశానికి చెప్పాను. మల్లేశం నా రూమ్మేటు, కరీంనగర్ వాడు. రాత్రిపూట కూడా తోముకుని, పళ్ళ సందుల్లో దారం లాగేవాడు. కుట్టుమిషన్ నేర్చుకుంటున్నావా అని నేను ఏడిపించేవాణ్ణి.

"గా ఎనబై వాళ్ల మొకాన కొట్టి రారాదురా. పన్ను పోతే మల్ల మొలుస్తదా?"

"ధర వద్దని లేచొచ్చాక మళ్ళీ అదే ధరకు వెళ్ళడమా? మా వంశంలో లేదు."

"మీ వంశంల ఎందరికి పండ్లున్నయ్‌రా?"

నాకు తెలియని దారా? వుడ్‌ల్యాండ్స్ నుంచి వంతెన దాటితే మలేషియా, జొహోర్ బారు. అక్కడ అన్నీ చవక. కాకపోతే మనకు వీసా కావాలి. ఒక్కసారి వెళ్ళొచ్చేది ఒక రేటు, ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చేది ఇంకో రేటు. ఒక్క పన్ను కోసం ఎన్నిసార్లు వెళతాం? చవకదే తీసుకున్నాను. వీసా చేతికొచ్చేసరికి ఆఫీసులో పని మీద పడింది. లవంగాలు నములుతూ వాయిదాలు వేశాను. చివరికి దవడ బూరెలా పొంగాక బస్సెక్కాను.

అక్కడి డాక్టరు సరోజిని ఆంటీ. తాతల నాడే రబ్బరు తోటలకు వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు. నోరు తెరవగానే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి, తంబీ?"

"నిన్నటి నుంచే ఆంటీ."

"నిన్న మొదలైతే ఇంత గొయ్యా? నరం చచ్చిపోయింది. ఇవాళ వేర్లు శుద్ధి చేసి మందు పెడతాను. రెండు వారాలకు మళ్ళీ రావాల. అప్పుడు గట్టిగా మూసి పైన క్యాప్ వేస్తా."

"రెండూ ఇవాళే కానిచ్చెయ్యండి. నా వీసా ఒక్కసారికే."

"నీ వీసా సంగతి పన్నుకు తెలీదు లా."

"మనవాళ్ళం కదా ఆంటీ, కొంచెం చూసి..."

"మనవాడివనే చెవి మెలెయ్యకుండా ఉన్నా. నోరు తెరు."

మూడు వందల మలేషియా రింగిట్లు తీసుకుంది. పంపేముందు మరీ మరీ చెప్పింది: "ఇది తాత్కాలికం. ఆ పక్క గట్టివేవీ కొరక్కు. క్యాప్ వెయ్యకపోతే పన్ను పగిలిపోతాది."

మర్నాటికి నొప్పి మాయం. రెండు వారాలయింది. మల్లేశం గుర్తు చేశాడు.

"ఆంటీ రమ్మన్నది గద?"

"నొప్పి పోయింది. అంటే సరుకు చేతికందింది. క్యాప్ అంటే ఏమిట్రా? ప్యాకింగ్. ప్యాకింగ్ కోసం మళ్ళీ వీసా, మళ్ళీ డబ్బులా?"

"పన్ను నీది, పైసలు నీయి. నాదేం పోతది."

ఆ ఆదివారం లిటిల్ ఇండియాలో సరుకులు కొంటూ, ఒక కొట్టాయనతో గంటసేపు పోట్లాడి చెక్కల ప్యాకెట్టు ఒకటి ఊరికే సాధించాను. ఎందుకు ఊరికే ఇచ్చాడో అది పట్టుకుంటేనే తెలియాల్సింది. పలకలా ఉంది. గెలిచిన ఆనందంలో కుడివైపే పెట్టి కొరికాను. టప్‌మంది.

చెక్క విరిగిందనుకున్నాను. తీసి చూస్తే చెక్క నిక్షేపంగా ఉంది.

వుడ్‌ల్యాండ్స్ క్లినిక్‌లో కుర్ర డాక్టరు చూసి, "వేరు దాకా చీలింది. ఇక నిలవదు, తీసెయ్యాలి," అన్నాడు. అన్నం తిన్న ప్రతిపూటా నాకు చాకిరీ చేసిన పన్ను. అయినా పుట్టుక బుద్ధి ఊరుకుంటుందా?

"సగం దానంతటదే ఊడింది కదా డాక్టర్. మిగతా సగానికి సగం రేటు వేసుకోండి."

"ఊడింది సులువైన సగం. మిగిలింది చిగురు కోసి తియ్యాలి. అందుకే రెట్టింపు."

మత్తు సూది పొడిచి, తీసేశాడు. కౌంటర్లో అమ్మాయి రెండు వందల పది అంది. నూట యాభై అందామని నోరు తెరిచాను. పెదవులు నావి కావు. "హూ... ఫూ..." అని గాలి, కౌంటరు మీద కాస్త చొంగ వచ్చాయి తప్ప అంకె రాలేదు. ఆ అమ్మాయి ఓపిగ్గా టిష్యూ అందించింది. జన్మలో మొదటిసారి చెప్పిన ధర చెప్పినట్టు కట్టి బయటపడ్డాను.

అందుచేత మా కొట్టు గల్లాపెట్టె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా నోట్లో చెయ్యి పెట్టినవారితో గానీ, పెట్టబోయేవారితో గానీ ఇక బేరమాడను. రాత్రి తోముకోకుండా పక్క ఎక్కను. దారం లాగేవాణ్ణి చూసి నవ్వను.

ఇక దాపరికం లేకుండా లెక్క. చూసినందుకు ఇరవై, వీసాకు పాతిక, ఆంటీకి డాలర్లలో నూట ముప్పై అయిదు, బస్సులకూ ఫోటోలకూ లవంగాలకూ పది, పీకినందుకు రెండు వందల పది. మొత్తం నాలుగు వందలు. మొదటావిడ అడిగింది ఎనభై. ఇంత బేరమాడినా ఒక్కరూ ఒక్క డాలరు తగ్గించలేదు. తగ్గింది పళ్ళు మాత్రమే, ముప్పై రెండు నుంచి ముప్పై ఒకటికి.