బీరువా తిన్న ఇంజన్లు

కార్ల ఫ్యాక్టరీ వాళ్ళు తమ పెద్ద ఇంజనును చెప్పిన దానికంటే ఏడాది ఆలస్యంగా బయటికి తెచ్చారు కదా, దానికి కారణం ఒక చెక్క బీరువా తలుపులని అంటారు. ఎవరంటారంటే చెప్పలేను. అందరూ అంటారు, నిలదీస్తే ఎవరూ అనలేదంటారు. కానీ నిప్పు లేనిదే పొగ రాదు, ఈ పొగ అచ్చుల మేస్త్రి ఇంటి వైపు నుంచే వచ్చింది.

అచ్చుల మేస్త్రి అంటే ఫ్యాక్టరీలో చెక్కపని ఆయన. ఇంజను పెట్టె ఎలా ఉండాలో ముందు ఆయన చెక్కలో చేసిస్తాడు. ఆ అచ్చును ఇసుకలో అదిమి తీసి, ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. చెక్క ఎలా ఉంటే లోహం అలా వస్తుంది. మనిషి మహా నిదానం. ఒక చెంప గీసుకుని రెండో చెంపకి వచ్చేసరికి మొదటి చెంపన మళ్ళీ గడ్డం మొలిచేది.

ఆ ఫ్యాక్టరీకి ఒక కొత్త ఇంజనీరు వచ్చాడు. లోకంలో చాలా ఇంజన్లలో సిలిండర్లు నిటారుగా నిలబడి ఉంటాయి. ఈయన వాటిని పడుకోబెడతానన్నాడు. ఇటు రెండు, అటు రెండు, ఒకే మంచం మీద అన్నదమ్ములు కాళ్ళతో తన్నుకుంటూ పడుకున్నట్టు. ఇంజను ఎత్తు తగ్గుతుంది, బరువు కిందికి దిగుతుంది, మలుపులో కారు తూలదు అన్నాడు. చిన్నది, మధ్యది, పెద్దది అని ఒకే పోలికతో మూడు ఇంజన్లు గీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు పడక ఇంజనీరు.

ఈ పడక ఇంజనుకి పెట్టె రెండు సగాలుగా ఉంటుంది. పండును మధ్యకు కోసి మళ్ళీ అతికించినట్టు ఆ రెండూ కలవాలి. మొదటిసారి కలవలేదు. చిన్న ఇంజను కార్చిన నూనె ఊళ్ళో తలుపుల కీళ్ళన్నిటికీ తరతరాలు సరిపోయేది. పడుకుంటే ఎవరి నోరైనా కారుతుందని ఫ్యాక్టరీ అంతా నవ్వింది.

మేస్త్రి ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏమైందండీ, మొహం వేలాడేసుకున్నారు?" అంది భార్య.

"తప్పు పడకది కాదే, చెక్కది. తొందర పెడితే సరిగ్గా ఎండని చెక్కతో చేశాను. అచ్చు వంకర తిరిగింది."

"ఆ మాట ఆయనతో చెప్పారా?"

"చెప్పాను. అయితే బాగా ఎండిన చెక్క తెమ్మన్నాడు. ఎక్కణ్ణుంచి తెచ్చేది?" అని పైకప్పు వంక చూశాడు.

"అది రేకుల కప్పు. చూడాల్సిన వైపు చూడండి."

చూడాల్సిన వైపు ఆమె బీరువా ఉంది. ఆమె తండ్రి చేసింది. ఆయన వడ్రంగి, మాట పొదుపు. కూతురు ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు, అంతే. చిత్రం ఏంటంటే, ఆ బీరువా తలుపు వేసినా సరిగ్గా అలాగే "ఊఁ" అని మూలుగుతుంది. ఆయన పోయాక ఆమెకి అదే పలకరింపు. "ఇవాళ పాలు విరిగాయి నాన్నా" అని తలుపు వేసేది. "ఊఁ" అనేది బీరువా. ఆమె మనసు కుదుటపడేది.

"అరలు తీసుకోండి. నాన్న తలుపుల జోలికి మాత్రం రావద్దు," అంది.

అరలు వెళ్ళాయి, చిన్న ఇంజను వచ్చింది. చుక్క నూనె కారలేదు. తర్వాత మధ్య ఇంజను ఇంకాస్త వెడల్పు అడిగింది, బీరువా పక్కలు, వీపు వెళ్ళిపోయాయి. ఇక మిగిలినవి చట్రానికి బిగించిన రెండు తలుపులే. తెరిస్తే గోడ. బట్టలు అట్టపెట్టెల్లో. ఆమె మాత్రం రోజూ తలుపు తెరిచి, ఆ గోడకి కబుర్లు చెప్పి, మూసేది.

ఇంతలో పెద్ద ఇంజను వంతు వచ్చింది. ఫ్యాక్టరీలో ఆరబెట్టిన చెక్క, పైకప్పు కారి, తడిసి ముద్దయింది. పడక ఇంజనీరు తానే మేస్త్రి ఇంటికొచ్చి ఆ తలుపుల్ని నిమిరి చూశాడు.

"మేస్త్రీ, ఇవి ఉంటే చాలు. ఈ ఏడు పెద్దది చూపించకపోతే బయట నిలువు ఇంజను కొంటామంటున్నారు యజమానులు. నా పిల్లలు ఇద్దరితో ఆగిపోతారు."

వంటింట్లోంచి మేస్త్రి భార్య వచ్చింది.

"మూడోదాని పుట్టుక ఆపిన పాపం నాకొద్దు బాబూ. విప్పుకోండి," అని పెరట్లోకి వెళ్ళిపోయింది. బట్టలు లేని తాడుకి గట్టిగా క్లిప్పులు పెడుతూ నిలబడింది.

మేస్త్రి స్క్రూడ్రైవర్ తీసి పై కీలు వదులు చేశాడు. తలుపు కాస్త ఒరిగి, "ఊఁ" అంది. మేస్త్రి చెయ్యి ఆగింది. స్క్రూ మళ్ళీ బిగించేశాడు.

"సార్, దీనికి పురుగు పట్టింది. పనికిరాదు," అన్నాడు. మంచి చెక్కని చెడ్డదనటం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఇంజనీరు అద్దంలాంటి ఆ తలుపుని చూశాడు, మేస్త్రిని చూశాడు, కిటికీలోంచి పెరట్లోకి చూశాడు.

"అవును, పురుగే," అన్నాడు. "కొత్త చెక్క ఎండేదాకా ఆగుదాం."

యజమానులు ఇంజనీరుని ఉతికి ఆరేశారు. నిలువు ఇంజను తెప్పించి కారులో పెట్టి చూశారు. పడక ఇంజను కోసం చేసిన పొట్టి బానెట్ కదా, నిలువు ఇంజను ఎత్తుకి మూత పడలేదు. చచ్చినట్టు ఏడాది ఆగారు. పెద్దది వచ్చింది, ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతోంది.

మొన్న మేస్త్రి తన ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే, కథంతా మొదట్నుంచి చెప్పి, నిజమేనా అని అడిగాం. ఆయన తాపీగా అంతా విన్నాడు.

"చెక్క బీరువా ఏంటమ్మా? మాది మొదట్నుంచీ ఇనప బీరువానే. మా మావగారు వడ్రంగి కాదు, బట్టలు కుట్టేవాడు, పైగా వసపిట్టలా వాగేవాడు. ఆ ఏడాది ఆలస్యమంటారా, నాకు నడుం పట్టేసింది. రాసుకోండి, తప్పంతా నా నడుందే."