తెర మీద ఊగిన మరక

తొంభైల నడిమిలో నేను విశాఖ వన్‌టౌన్‌లో టీవీలు బాగుచేసేవాణ్ణి. ఫిషింగ్ హార్బర్‌కి ఎగువన, ఐస్ ఫ్యాక్టరీ సందులో, ఒక భాయ్ వీడియో గేముల షాపు నడిపేవాడు. అక్కడి పెట్టెలు మొరాయిస్తే నన్నే పిలిచేవాడు. ఉప్పుగాలికి లోపలి తీగలన్నీ పచ్చగా చిలుం పట్టేవి. తేమ ఎక్కువైన రోజుల్లో పిక్చర్ ట్యూబ్ వెనకాల నీలం మెరుపొకటి సన్నగా బుసకొట్టేది. అవన్నీ నాకు అలవాటే.

ఒకసారి గోడవారనున్న పెట్టెలో ట్యూబ్ పూర్తిగా పోయింది. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడే పెట్టె అది. గాజువాకలో పాత టీవీ ఒకటి దొరికితే దాని ట్యూబ్ తీసి ఇందులో బిగించాను. బొమ్మ బాగానే వచ్చింది. కొన్నాళ్లకి భాయ్ కబురు పెట్టాడు.

"తమ్ముడూ, ఆ పెట్టె దగ్గర ఎవరూ నిలబడట్లేదు. తెరలో మనిషున్నాడంటన్నారు."

నవ్వుకుంటూ వెళ్లాను. బోట్ల మీద పనిచేసే కుర్రాళ్లిద్దరు వేరే పెట్టె దగ్గర ఆడుతున్నారు. గోడవార పెట్టె మనుషుల్లేకుండా తన పాట తాను పాడుకుంటోంది. తెర ఎడమ అంచున ఊదారంగు మరక. పైన గుండ్రంగా, కింద భుజాల్లా వెడల్పుగా ఉంది. తల వంచుకుని నిలబడ్డ మనిషిలాగే ఉంది.

అయస్కాంతం సోకితే తెరమీద రంగులు అలా చెదురుతాయని నాకు తెలుసు. దానికి విరుగుడు రాగితీగ చుట్టిన పెద్ద రింగు. కరెంటిచ్చి దాన్ని తెర ముందు గుండ్రంగా తిప్పుతూ, మెల్లగా వెనక్కి నడవాలి. నేను అలా తిప్పుతుంటే కుర్రాళ్లు ఆట ఆపి చూశారు.

"దిస్టి తీత్తన్నాడ్రా," అన్నాడొకడు.

రెండోవాడు నవ్వలేదు. "తియ్యనీ బావా. ఆడు పోతే నాను ఆడతాను."

మరక పోయింది. మర్నాడు సాయంత్రానికి మళ్లీ వచ్చింది, అదే చోట, అదే ఒంపుతో. ట్యూబ్‌లోనే లోపముందనుకుని ఇంకోటి వేశాను. దానిలోకీ వచ్చింది. ఆ పాత టీవీ ఏ చావు జరిగిన ఇంట్లోంచి వచ్చిందోనని అప్పటిదాకా భాయ్‌కి అనుమానం. రెండో ట్యూబ్‌తో అది తీరిపోయింది.

"అయితే టీవీతో వచ్చినోడు కాదు. ఇక్కడోడే," అన్నాడు మెల్లగా.

తర్వాతి రోజు మధ్యాహ్నమే వెళ్లి, రింగు తిప్పి, పెట్టెకి కాస్త ఎడంగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. తెర శుభ్రంగా ఉంది. ఎండ వాలి, చేపల బుట్టలెత్తిన ఆటోలు వెళ్లిపోయాక, ఎడమ అంచు ఊదారంగు తిరిగింది. మరక ఉన్నట్టుండి పడలేదు. ఎవరో గుమ్మంలోంచి లోపలికి వచ్చినట్టు వచ్చింది. వచ్చి అటూ ఇటూ ఊగింది, అల మీద పడవలో నిలబడ్డవాడు ఊగినట్టు. ఊగి ఊగి ఆగింది. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. తెరకి మరీ దగ్గరగా ఉంటే ఆ కరెంటుకి అలా లేస్తాయి. నేను దూరంగానే ఉన్నాను.

అప్పుడే గోడకి అవతలనుంచి ఏదో తగిలిన చప్పుడైంది. ఆ గోడ ఉత్త సిమెంటు రేకు. అవతల ఎవరుంటారని అడిగితే, "ముసలాయన. వేట మానేశాడు," అన్నాడు భాయ్. సందు చుట్టి వెళ్లాను.

చిన్న వసారా. షాపు రేకు గోడకి ఆనుకుని, వాసానికి తాడుతో పళ్లెమంత అయస్కాంతం వేలాడుతోంది. దాన్నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. కింద గోనె మీద తుప్పు పట్టిన మేకులు, గేలాలు, బోల్టులు, ఒక కత్తెర. పెద్దాయన వాటిని ఒక్కొక్కటే తుడిచి చూస్తున్నాడు.

"ఇదేటి తాతా?"

"గాజువాక పాతినప కొట్లో కొన్నాను బాబూ. పగలంతా తెప్ప మీంచి తాడేసి హార్బర్ అడుగున ఈడుత్తాను."

"ఇనుము కోసమా?"

ఆయన తలెత్తలేదు. "మా తమ్ముడు బోటు మీంచి జారిపోనాడు. ఇక్కడే, ఒడ్డుకొచ్చేత్తన్నప్పుడు. మనిసి దొరకలేదు. ఆడి సేతికి ఇనప కడియం ఉండీది."

అయస్కాంతాన్ని ఇంకో చోట వేలాడదీయమని అడగాలి కాబట్టి తెర సంగతి చెప్పాను. అంతా విని లేచాడు.

"సూపించు."

షాపులోకి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"ఎడం బుజం దిగిపోయుంది," అన్నాడు. "ఆడికీ అంతే. సిన్నప్పుడు ఇరిగింది."

"అయస్కాంతం వల్ల తాతా. ఉండు, నాను తీసి సూపిత్తాను."

మళ్లీ సందు చుట్టి వెళ్లి, అయస్కాంతాన్ని విప్పి, రెండు చేతులా మోసుకెళ్లి వసారా చివర పెట్టాను. తిరిగి వచ్చేసరికి మరక పలచబడి ఉంది. పెద్దాయన అరచెయ్యి తెర అద్దానికి ఆనించి ఉన్నాడు.

"తలెత్తి సూసి ఎల్లిపోనాడు," అన్నాడు.

నేను భాయ్ వంక చూశాను. భాయ్ కాదనలేదు.

మర్నాడు అయస్కాంతం మళ్లీ పాతచోటే వేలాడింది. తీయమని మేం అడగలేదు. పెద్దాయన సాయంత్రాలు వచ్చి ఆ తెర ముందు కూర్చునేవాడు. భాయ్ టీ తెప్పించేవాడు.

వానలు వెళ్లాక ఒకరోజు ఆయన నన్ను వసారాలోకి పిలిచి, గోనె మీదున్న కడియాన్ని చూపించాడు. తుప్పు తినేసి పుల్లంత సన్నమైంది. నా రెండు వేళ్లు మాత్రం దూరేంత చిన్నది.

"పసిబిడ్డది," అన్నాడు. "ఎవరిదో."

ఆ చుట్టుపక్కల బిడ్డ మునిగిన సంగతి ఎవరూ ఎరగరు. చాలామందిని అడిగాం. చివరికి ఆయనే దాన్ని తెప్ప మీద తీసుకెళ్లి, దొరికిన చోటే నీళ్లలో వదిలేసి వచ్చాడు.

"అడుగున ఎందరున్నారో బాబూ. ఒకడి కోసమని అందర్నీ కదుపుతన్నాను."

అయస్కాంతాన్ని ఆ పాత ఇనుము కొట్లోనే ఇచ్చేసి, భీమిలిలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాడు. తెర ముందు మరోసారి రింగు తిప్పాను. ఆ తర్వాత మరక రాలేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఊరంతా ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. భాయ్ కూడా షాపు మారుస్తూ, పెట్టెలు విప్పడానికి నన్ను పిలిచాడు. గోడవార పెట్టెకి కుడివైపు జాయ్‌స్టిక్ అరిగి వదులైపోయింది. ఎడమవైపుది కొన్ననాటి మెరుపుతో బిగుతుగా ఉంది. రెండూ నేను ఒకేసారి వేసినవే.

"ఇద్దరొచ్చినా ఒకడి తర్వాత ఒకడు కుడిపక్కే ఆడేవోళ్లు," అన్నాడు భాయ్. "ఎడంపక్క మరక సంగతి తెలీని కొత్త కుర్రోళ్లు కూడా."

ట్యూబ్ ఇంకా బాగానే ఉంది. మామూలుగా అయితే ఇంకో టీవీకి పనికొస్తుందని పట్టుకెళ్లేవాణ్ణి. ఆ రోజు దాన్ని పెట్టెలోనే ఉంచి, నా పనిముట్లు సర్దుకుని వచ్చేశాను.